వరండాలో చెప్పిన మాట

ఆడగుర్రం పాలు పితకాలంటే ఒక మోకాలు నేలకు ఆనించాలి. రెండో మోకాలి మీద బకెట్ నిలబెట్టుకుని, ఒక చెయ్యి గుర్రం వెనక కాలి చుట్టూ తిప్పి పొదుగు అందుకోవాలి. నడుం సగం వంగి, సగం తిరిగి ఉంటుంది. ఆవులా అది ఓపిగ్గా నిలబడి ఇచ్చే రకం కాదు. పిల్ల కాస్త కుడిచాక చేపు వస్తుంది. ఆ కాసేపట్లో దొరికిన నాలుగు ధారలూ లాక్కుని లేచిపోవాలి. మళ్లీ కాసేపటికి ఇంకో గుర్రం దగ్గర దిగాలి. పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దు వాలేదాకా ఇదే పని. మా అత్త బురులాయ్ కాపురానికి వచ్చినప్పటి నుంచీ ప్రతి వేసవీ ఇదే చేసింది.

ఆ ఏడు కొండల మీది సూసమైర్ మేతభూములకు ఎక్కి గుడారాలు వేసుకున్న కొద్ది రోజులకే, ఆమె బకెట్‌తో దిగి లేవలేకపోయింది. గుర్రం కాలు పట్టుకుని అలాగే ఉండిపోయింది. నేను వెళ్లి చంకల కింద చేతులు వేసి లేపాను. ఎవరికీ చెప్పవద్దని నా చెవిలో అంది. చెప్పడానికి ఇంకెవరున్నారు? మా ఆయన సిర్గక్ పక్కనే గుర్రప్పిల్లను పట్టుకుని నిలబడి అంతా చూస్తూనే ఉన్నాడు.

నొప్పి కొత్తది కాదు. తుంటి నుంచి బొటనవేలు దాకా ఎడమ కాలంతా లాగుతుంది. గుడారం నుంచి వాగు దాకా నడిచేలోపు రెండుసార్లు కూలబడేది. ముందుకు వంగి మోకాళ్ల మీద చేతులు ఆనిస్తే కాస్త తెరిపి. అప్పుడే కోసిన గొర్రె తోలు వేడివేడిగా నడుముకు చుట్టాం. ఎముకలు సరిచేసే ముసలాయనను కింది లోయ నుంచి పిలిపించాం. ఆయన ఆమె వీపంతా తడిమి, ఇది తన చేతిలో పని కాదని చెప్పి, పెట్టిన మాంసం మాత్రం శుభ్రంగా తిని వెళ్లాడు. చివరికి కనుమ దాటించి బిష్కెక్ పట్నానికి తీసుకువెళ్లాం.

డాక్టరు ఇల్గిజ్ మా ఆయన కంటే చిన్నవాడు. స్కాన్ ఫిల్మును కిటికీ వెలుగుకి పెట్టి మాకు చూపించాడు. నడుం దగ్గర రెండు పూసల మధ్య ఉండే మెత్తటి డిస్కు అరిగి వెనక్కి జారిందట. వయసుతో ఎముక కూడా లోపలికి పెరిగి, నరాలు వెళ్లే సందు ఇరుకైపోయిందట. దారులు మూడున్నాయన్నాడు. ఒకటి, సూది మందుతో వాపు తగ్గించి నెట్టుకురావడం. రెండోది చిన్న ఆపరేషన్. పూస వెనక పలక కాస్త తీసి, జారిన ముక్క తీసేసి, నరాలకు చోటు చేయడం. మూడోది పెద్దది. స్క్రూలు, కడ్డీలు పెట్టి రెండు పూసలనూ కలిపి బిగించేయడం. డెబ్బై దాటినంత మాత్రాన ఆపరేషన్ చేయకూడదని ఏమీ లేదనీ, తాను చూసేది గుండెనూ ఎముకనూ అనీ చెప్పాడు. గుండె బాగుంది. ఎముక మాత్రం మెత్తబడింది. పుచ్చిన చెక్కలో మేకు దిగ్గొట్టినట్టు, స్క్రూలు పట్టు నిలవకపోవచ్చు. అందుకని ఈమెకు చిన్న ఆపరేషనే మేలన్నాడు.

మా అత్త అంతా విని ఒక్కటే అడిగింది.

"మోకాలి మీద దిగొచ్చా, బాబూ?"

ఆయనకు అర్థం కాలేదు. పట్నంలో పుట్టిన పిల్లాడు. మా అత్త లేచి, ఆయన బల్ల కింద ఉన్న చెత్తబుట్ట తీసుకుని, గుర్రం ఎదురుగా ఉన్నట్టే దిగి చూపించింది. మళ్లీ లేపడానికి డాక్టరూ నేనూ ఇద్దరం పట్టాల్సి వచ్చింది. ఆయనకు నవ్వు వచ్చింది గానీ నవ్వలేదు. అందుకే ఆ మనిషి మీద నాకు గౌరవం కలిగింది.

స్క్రూలు పెడితే ఇక అలా దిగడం కుదరదన్నాడు. చిన్న ఆపరేషన్ అయితే కొన్ని నెలల తర్వాత కుదరవచ్చు, మాట ఇవ్వలేనన్నాడు. ఇప్పుడే చేయించుకుంటే మంచిదన్నాడు.

"ఇప్పుడు గుర్రాలు పాల మీదున్నాయి. వాటికి నా చెయ్యి తప్ప ఇంకోటి పడదు. సెప్టెంబర్‌లో దిగి వచ్చాక కొయ్యి," అంది మా అత్త, గొర్రెను బేరం చేస్తున్నట్టు.

ఉన్నది నొప్పి ఒక్కటే అయితే ఆగవచ్చని ఒప్పుకున్నాడాయన. తర్వాత మా ఆయనను భుజం మీద చెయ్యి వేసి వరండాలోకి తీసుకువెళ్లాడు. మా డాక్టర్లు అంతే. అసలు మాట రోగికి చెప్పరు, ఇంట్లో మగవాణ్ణి వరండాలోకి పిలిచి చెబుతారు. నేను లోపల మా అత్త కాళ్లకు బూట్లు తొడుగుతున్నాను. తలుపు అద్దంలోంచి వాళ్లిద్దరూ కనిపిస్తున్నారు. డాక్టరు ఏదో చెబుతూ వేలు ఆడిస్తున్నాడు. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తల దించుకుని నేలకేసి చూస్తున్నాడు.

తిరుగుదారిలో ఏమన్నాడని అడిగాను.

"ఎక్కువైతే వెంటనే తీసుకురమ్మన్నాడు."

"ఎక్కువవడం అంటే ఎలా?"

"ఎక్కువవడం అంటే ఎక్కువవడమే. అందులో మళ్లీ ఎలా ఏముంది?"

ఆ గొంతు నాకు తెలుసు. ఇంకో మాట అడిగితే కనుమ దిగేదాకా మాట్లాడడు. మా అత్త వెనక సీట్లో నిద్రపోతోంది. నేనూ ఊరుకున్నాను.

జూన్ అంతా ఎప్పటిలాగే గడిచింది. తోలుసంచిలో పులియబెట్టిన గుర్రప్పాలు, అదే కుమిస్, తాగి ఒళ్లు బాగుచేసుకుందామని పట్నం నుంచి వచ్చేవాళ్లు మా దగ్గర వారం పది రోజులు ఉండి వెళుతుంటారు. దగ్గు పట్టినవాళ్లు, కడుపులో పుండు ఉన్నవాళ్లు, ఏమీ లేకపోయినా ఏదో ఉందనుకునేవాళ్లు. అందరికీ మొదటి గిన్నె పోస్తూ మా అత్త ఒకే పాఠం చెప్పేది. మొదట్లో కడుపు వదులవుతుంది, చెంబు పట్టుకుని పరుగెత్తాల్సి వస్తుంది, పక్క తడిసినా తడుస్తుంది, భయపడకండి, లోపలి మురికంతా కడుక్కుపోతోందన్నమాట అనేది. ఆ పాఠం ఆమెకు వాళ్ల అత్త చెప్పింది. నాకు ఆమె చెప్పింది. నేను కాపురానికి వచ్చిన మొదటి వేసవిలో నాకు జరిగింది కూడా అదే.

జూలైలో ఒక పొద్దున మా అత్త పక్క తడిసి ఉంది. ఈ ఏడు గడ్డి బలంగా మొలిచింది, కుమిస్ గట్టిగా పనిచేస్తోంది అని నవ్వింది. నేనూ నవ్వుతూ గొంగడి వాగు దగ్గరకు తీసుకువెళ్లి ఉతికాను. మర్నాడూ ఉతికాను.

అంతకంటే పెద్ద విషయం ఇంకోటి జరగడంతో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. నొప్పి తగ్గింది. కాలు లాగడం లేదని, కత్తి పెట్టి కోసేసినట్టు నొప్పి పోయిందని మా అత్త పొద్దున్నే గుర్రాల దగ్గరకు వచ్చి చెప్పింది. కొంచెం మొద్దుగా ఉందిగానీ, జీను మీద ఎక్కువసేపు కూర్చుంటే అలాగే ఉంటుందిలే అంది. బకెట్ తీసుకుని దిగింది. లేవడానికి గుర్రం కాలు పట్టుకుంది, అయినా తనే లేచింది. మా ఆయన ఆ రోజు ఎంత సంతోషపడ్డాడో. డాక్టర్లు కుమిస్ తాగి చూడకుండా కత్తి పట్టుకుంటారని పట్నం నుంచి వచ్చిన ఒకావిడతో గొప్పగా చెప్పాడు. ఆవిడ తలూపి ఇంకో గిన్నె తాగింది. మా అత్త ఆ వారమంతా పాట పాడుతూనే పాలు పితికింది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం వాన పట్టుకుంది. గుడారంలో ఇనుప పొయ్యి రాజేశాం. మా అత్త పొయ్యికి దగ్గరగా, ఉన్నిపరుపు మీద కాళ్లు చాపుకుని, తోలుసంచిలో కవ్వం పైకీ కిందికీ ఆడిస్తూ కూర్చుంది. నేను రొట్టెలకు పిండి కలుపుతున్నాను. కాసేపటికి ఉన్ని కాలిన వాసన వచ్చింది. పిడక చిట్లి నిప్పు పడిందేమోనని పరుపు అంచులన్నీ వెతికాను. ఎక్కడా కనపడలేదు. వాసన మాత్రం పెరుగుతోంది.

"ఏంటే పిల్లా వెతుకుతున్నావ్? ఏదో మాడుతోంది, చూసుకో," అంది మా అత్త కవ్వం ఆపకుండానే.

అప్పుడు చూశాను. పొగ ఆమె పావడా కింద నుంచి వస్తోంది.

చెయ్యి పట్టుకుని పక్కకు లాగేశాను. ఆమె కూర్చున్న చోట నిప్పు పరుపులోకి దిగి ఉంది. పావడా కాలి పెద్ద చిల్లి పడింది. దాని కింద చర్మం ఊడి వచ్చింది. మా అత్త కవ్వం చేతిలోనే పట్టుకుని, ఎందుకు లాగావన్నట్టు నా మొహంలోకి చూస్తోంది.

"మంటగా లేదా అత్తమ్మా?"

"ఎక్కడ?"

మా ఆయన వానలో తడిసి జీను భుజాన వేసుకుని లోపలికి వచ్చాడు. కాలిన పావడా చూశాడు. తల్లి మొహం చూశాడు. జీను కింద పెట్టి, నా దగ్గరకు వచ్చి, ఆమెకు వినపడకుండా అడిగాడు.

"నీళ్లు... అమ్మకి నీళ్లు ఆగట్లేదా?"

"కుమిస్ పనిచేస్తోందంది. వారం పైనే అయింది."

"ఆయన చెప్పాడు," అన్నాడు మా ఆయన. "కూర్చునే చోట మొద్దుబారినా, నీళ్లు ఆగకపోయినా ఆ పూటే తీసుకురమ్మన్నాడు. వరండాలో చెప్పాడు."

ఆ మాట అని బండి అడగడానికి వానలోకి పరుగెత్తాడు.

కనుమ మీద గొర్రెల మంద రోడ్డంతా నిండిపోయింది. సొరంగం ముందు లారీలు ఆగిపోయి ఉన్నాయి. మా అత్త వెనక సీట్లో పక్కకు తిరిగి పడుకుని, నొప్పే లేనప్పుడు ఈ హడావిడి ఎందుకని దారంతా సణుగుతూనే ఉంది. ఆస్పత్రిలో ఇల్గిజ్ కాలిన చోట చుట్టూ సూదితో మెల్లగా గుచ్చి చూశాడు. మా అత్త పైకప్పుకేసి చూస్తూ ఇంకా మొదలుపెట్టలేదా అని అడిగింది. వెంటనే ఆపరేషన్ గదిలోకి తీసుకువెళ్లారు.

గుర్రాలను వదిలి రావడం వల్ల, ఆమె క్షేమంగా బయటికి వచ్చిందని తెలియగానే మా ఆయన తిరిగి బయలుదేరాల్సి వచ్చింది. అంచేత డాక్టరు మర్నాడు వరండాలోకి వచ్చి మగవాడి కోసం వెతికితే నేనే కనిపించాను. కాసేపు తటపటాయించి నాకే చెప్పాడు. నరాల మీద బరువు తీసేశాం, కాలు తిరిగి వస్తుంది, నడుస్తుంది. నీళ్ల సంగతి మాత్రం తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. ఆ నరాలు నలిగి చాలా రోజులైంది, మొదటి రోజే తెచ్చి ఉంటే వేరే మాట చెప్పేవాణ్ణి అన్నాడు. మీకు ఎవరూ చెప్పలేదా అని కూడా అడిగాడు.

కాలు తిరిగి వచ్చింది. కర్ర పట్టుకుని వరండా అంతా నడిచింది. నీళ్ల మీద పట్టు మాత్రం రాలేదు. వాటంతటవి బయటికి పోవు, నిండిపోతే తెలియకుండా కారిపోతాయి. ఒక నర్సు సన్నటి గొట్టం ఎలా మరిగించాలో, ఎలా పెట్టాలో, పొద్దున్నుంచి పడుకునేదాకా ఎప్పుడెప్పుడు తీయాలో నాకు నేర్పింది. ఆ పాఠం జరిగినంతసేపూ మా అత్త గోడకు తిరిగి పడుకుంది. నర్సు వెళ్లాక, నేను తెచ్చిన రొట్టె సంచిలోంచి తీసి నా చేతిలో పెట్టింది. మాలో రొట్టె పట్టుకుని వేసిన ఒట్టుకు తిరుగులేదు.

"సిర్గక్‌కి చెప్పనని ఒట్టెయ్. అంతా సర్దుకుందని చెప్పు."

"భర్త దగ్గర ఎన్నాళ్లని దాస్తాను అత్తమ్మా?"

"వాడికి తెలిస్తే, డాక్టరు మాట ఆ రోజే చెప్పాల్సిందనుకుంటూ వాడు ఈ వరండాలోనే ఉండిపోతాడు. ఎన్నాళ్లు బతికినా ఇక్కడే నిలబడి ఉంటాడు. నా కొడుకు నాకు తెలుసు. రొట్టె గట్టిగా పట్టుకో."

పట్టుకున్నాను.

చలికాలపు ఇంటికి వెళదామంటే వినలేదు. సీజన్ అయ్యేదాకా పైనే ఉంటానంది. కుట్లు తీసి, కాలిన చోట మానడం మొదలయ్యాక డాక్టరు విసుక్కుంటూనే వదిలిపెట్టాడు. గుడారం ముందు బండి దిగి, కర్ర ఊతతో తానే గడప దాటిన తల్లిని చూసి మా ఆయన ఏడ్చేశాడు. కొన్నాళ్లకు ఒక సాయంత్రం కళ్లెం బాగుచేస్తూ, తల ఎత్తకుండానే నన్ను అడిగాడు. అంతా సర్దుకున్నట్టేనా అని. అతను అంతకు మించి అడగలేడు, తల్లి విషయం కదా. సర్దుకుందన్నాను. అతను ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినిపించింది.

గుడారంలో ఆడవాళ్ల వైపు నేను తెర కట్టాను. ముసలావిడకు గాలి తగలకూడదని డాక్టరు చెప్పాడన్నాను. అందరూ నమ్మారు. తెర వెనక మా పని మాది. ఆమె పాల బకెట్ ముట్టుకోలేదు, తోలుసంచి దగ్గరకు రాలేదు, కవ్వం పట్టలేదు. నడుం ఇంకా గట్టిపడలేదని బయటివాళ్లకు చెప్పేది. అసలు సంగతి నాకు తెలుసు. వుజూ, అంటే నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కుని చేసుకునే శుద్ధి, లేకుండా పాలు ముట్టడం ఆమె ఎరగదు. ఇప్పుడు చేసుకున్న వుజూ ఎప్పుడు పోతుందో ఆమెకే తెలియదు. గుర్రాలు నా చేతికి సగం పాలే ఇచ్చాయి. ఆమె గుడారం ముందు నిలబడి దూరం నుంచే వాటిని పేరుపేరునా పిలిచేది. పిలిచినప్పుడు కాస్త చేపేవి.

చూసి ఉండలేక, ఎవరికోసమో అన్నట్టుగా కింది ఊరి ముల్లాను ఫోనులో అడిగాను. రోగం ఉన్నవాళ్లకు మినహాయింపు ఉందనీ, నమాజు నమాజుకూ కొత్తగా వుజూ చేసుకుంటే చాలనీ, దేవుడు కరుణామయుడనీ చెప్పాడు. పరుగున వచ్చి మా అత్తకు చెప్పాను.

"దేవుడు ఒప్పుకున్నాడు సరే," అంది. "తాగేవాళ్లను అడిగావా?"

సెప్టెంబరులో కొండ మీద మొదటి మంచు కనపడింది. గుర్రప్పిల్లల తాళ్లు విప్పేశాం. దిగిపోయే ముందు మా ఆయన తల్లి బాగైనందుకు గొర్రెను కోసి చుట్టుపక్కల గుడారాల వాళ్లందరినీ పిలిచాడు. ఆ రోజు చివరి తోలుసంచి విప్పుతారు. ఇంట్లో పాలు పితికే పెద్దావిడే మొదటి గిన్నె పోయాలి. ఆవిడ పోసేదాకా ఎవరూ తాగరు; ఆ గరిటె ఎవరి చేతిలో ఉంటే ఇంటి పెత్తనం వాళ్లది. మా అత్త ఆ ముందు రోజు నుంచీ గుక్కెడు నీళ్లు కూడా ముట్టలేదు. జనం మధ్య కూర్చోవాలి కదా.

మాంసం అయ్యాక గరిటె తెచ్చి ఆమె ముందు పెట్టారు. అందరూ ఆమెకేసి తిరిగారు. నడుస్తున్న మనిషిని చూసి ముసలివాళ్లు కళ్లు తుడుచుకుంటున్నారు. మా ఆయన మొహం వెలిగిపోతోంది. మా అత్త గరిటె తీసుకుంది. కాసేపు అలాగే పట్టుకుంది. తర్వాత కాడ నా వైపు తిప్పింది.

"నువ్వే పొయ్యమ్మా," అంది.

మా అత్త ఆడబిడ్డ కులూయిపా నోరు ఊరుకునే రకం కాదు. ఇన్నాళ్లూ కోడలే డాక్టరు దగ్గర కాపలా ఉంది, ఉత్తినే ఉంటుందా, గరిటె సంపాదించుకునే వచ్చింది అంది. ఆడవాళ్లు నవ్వారు. మొదటి గిన్నె మా అత్తకే పోశాను. ఆమె పెదాలకు తాకించి, తాగకుండా పక్కవాళ్లకు అందించింది. మిగతా గిన్నెలన్నీ నేనే పోశాను. ఎవరికెంత పోశానో, ఎవరేమన్నారో ఏదీ గుర్తులేదు.

జనం వెళ్లిపోయాక మా ఆయన గుడారం మధ్యలో నిలబడ్డాడు.

"మా అమ్మ చావు దాకా వెళ్లి లేచి నిలబడింది. ఆమె నిలబడ్డ రోజే లాక్కోవాలా? ఒక్క ఏడు ఆగలేకపోయావా?"

నేను మా అత్త వైపు చూశాను. అతనూ చూశాడు.

"అమ్మా, ఇది అడిగిందా నిన్ను? నిజం చెప్పు."

ఆమె పొయ్యిలోకి చూస్తూ కూర్చుంది. రొట్టె పట్టుకుని ఒట్టు వేసింది నేను, ఆమె కాదు. కావాలంటే చెప్పవచ్చు.

"ఎప్పటికైనా ఇవ్వాల్సిందేగా, నాయనా," అంది.

నా వైపు చూడకుండానే బయటికి వెళ్లాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మా అత్త మీద, అతని మీద, ఆ ఇల్గిజ్ మీద, ఆడవాళ్ల చెవిన వేయకుండా తలుపు అవతల మాట్లాడుకునే మగవాళ్లందరి మీదా కోపం వచ్చింది. అయినా వేళ అయింది. గొట్టం మరిగించి, నీళ్లు గోరువెచ్చగా చేసుకుని తెర వెనక్కి వెళ్లాను. మా అత్త అప్పటికే వచ్చి పడుకుని ఉంది. రోజంతా ఎండిన పెదాలు పగిలి ఉన్నాయి.

"ఒట్టు తీసేస్తున్నాను," అంది మెల్లగా. "వెళ్లి చెప్పెయ్ వాడికి. నీకెందుకమ్మా ఈ మాటలు పడటం."

తెర సందులోంచి, తెరిచి ఉన్న తలుపు అవతల మా ఆయన కనిపిస్తున్నాడు. రేపటి ప్రయాణానికి గుర్రాల డెక్కలు ఒక్కొక్కటే ఎత్తి చూసుకుంటున్నాడు. నా మీద కోపంతో మొహం గంటు పెట్టుకున్నాడు. అంతే, ఇంకే బాధా లేదు అతనికి. కోపం ఓ నెలకు పోతుంది.

"అటు తిరగండత్తమ్మా," అన్నాను. "నీళ్లు చల్లారిపోతున్నాయి."